ఫిజిక్స్ చదివి రెటీనా డాక్టరు కావడం: ఆ దారి ఎంత దూరం, సరిహద్దు జిల్లాలకు దానితో పనేంటి

క్లుప్తంగా

రెటీనాను చూడటం, కొలవడం, బాగుచేయడం, మూడూ వెలుతురుతో చేసే పనులే. అందుకే ఫిజిక్స్ చదివినవాళ్లు అటు మళ్లడం వింత కాదు. మన దేశంలో మాత్రం ఆ మలుపుకు పదేళ్ల పైనే పడుతుంది, అప్పటిదాకా చదివిన డిగ్రీ లెక్కలోకి రాదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు తెలుగువాళ్లకు దీంతోపాటు సీటు కోటాలు, ఒడియా పరీక్ష, ఆసుపత్రి దూరం, చివరికి ఘాట్ రోడ్డు కూడా లెక్కలోకి వస్తాయి.

పొర వేరు, రెటీనా వేరు

బరంపురంలో బీఎస్సీ ఫిజిక్స్ పూర్తిచేసిన అమ్మాయి మళ్లీ నీట్ రాసి రెటీనా డాక్టరు అవుతానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న "ఇన్నాళ్లు చదివిందంతా ఏమైపోను?" అని. రెండోది, "కంటి డాక్టరు అంటే సరే, ఈ రెటీనా ఏంటి మళ్లీ?" అని. ముందు రెండో ప్రశ్నే చూడాలి, ఎందుకంటే దాని జవాబులోనే మొదటిదానికి సగం జవాబు ఉంది.

మన ఊళ్లలో చూపు తగ్గితే "పొర కమ్మింది" అంటారు. పొర అంటే శుక్లం. కంటి లోపలి లెన్సు మసకబారుతుంది, దాన్ని తీసి కొత్త లెన్సు పెడితే చూపు వస్తుంది, అరగంట కూడా పట్టని ఆపరేషన్. ఏళ్ల తరబడి జరిగిన ఉచిత కంటి శిబిరాల వల్ల చూపు పోవడమంటే పొర, పొర అంటే ఆపరేషన్ అన్న లెక్క జనంలో స్థిరపడిపోయింది. అది మంచికే. కానీ కంటి వెనక గోడకు లోపలి వైపు అంటుకుని ఉండే రెటీనాకు ఈ లెక్క పనికిరాదు. అది పావు మిల్లీమీటరు మందం ఉండే నరాల తెర, పుట్టుక రీత్యా మెదడులో భాగమే. పాడైన లెన్సును మార్చినట్టు దాన్ని మార్చలేరు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే వైద్యం, అదీ నొప్పి లేకుండా ముదిరే జబ్బుల నుంచి. షుగరు వల్ల రెటీనా రక్తనాళాలు కారడం మొదలైనా చాలాకాలం చూపు మామూలుగానే ఉంటుంది, రెటీనా ఊడినా నొప్పి ఉండదు. కాబట్టి బాధ పుట్టాక డాక్టరు దగ్గరికి వెళ్దాం అన్న అలవాటు ఇక్కడ బాగా దెబ్బతీస్తుంది.

కోయకుండా చూడటం ఎలా?

శరీరంలో రక్తనాళాలను, నరాన్ని కోత లేకుండా నేరుగా చూడగలిగే చోటు రెటీనా ఒక్కటే. అలా చూడటం 1851 దాకా వైద్యులకు అందుబాటులోకి రాలేదు. కంటిపాప నల్లగా కనిపిస్తుంది, లోపల ఏముందో తెలియదు. నిజానికి లోపలికి వెళ్లిన వెలుతురులో కొంత తిరిగి బయటికి వస్తూనే ఉంటుంది. అయితే అది వచ్చిన దారినే వెనక్కి పోతుంది, అంటే దీపం వైపు. ఆ దారిలో కన్ను పెట్టి చూద్దామంటే చూసేవాడి తలే దీపానికి అడ్డం పడుతుంది. రాత్రిపూట టార్చి వేస్తే ఎద్దు కళ్లు, పిల్లి కళ్లు మెరిసేది టార్చి మన ముఖానికి దగ్గరగా ఉన్నప్పుడే, దూరంగా ఇంకొకరి చేతిలో ఉంటే ఆ మెరుపు మనకు అంతగా కనపడదు. హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ చేసింది ఈ చిక్కు విప్పడమే. వెలుతురును కొంత పంపి కొంత తిప్పికొట్టే గాజు పలకలను ఏటవాలుగా పెట్టాడు. పక్కనున్న దీపం వెలుతురు పలక మీద పడి కంట్లోకి మళ్లుతుంది, తిరిగి వచ్చే వెలుతురు అదే పలకలోంచి డాక్టరు కంటికి చేరుతుంది. ఆఫ్తాల్మోస్కోప్ అలా పుట్టింది. హెల్మ్‌హోల్ట్జ్ ముందు వైద్యుడు, 1871 నాటికి బెర్లిన్‌లో ఫిజిక్స్ ప్రొఫెసరు. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ప్రయాణం ఆయన అటు నుంచి ఇటు చేశాడు.

చూడటం అయ్యాక కొలవడం. ఇవాళ రెటీనా ఆసుపత్రికి వెళితే గడ్డం ఆనించి కూర్చోబెట్టి కొన్ని సెకన్లలో తీసే ఓసీటీ స్కాన్ రెటీనాను నిలువుగా కోసి చూపించినట్టు పొరపొరగా చూపిస్తుంది. కడుపు స్కానింగులో శబ్దాన్ని పంపి, అది ఎంతసేపటికి తిరిగి వచ్చిందో చూసి లోతు లెక్కిస్తారు. వెలుతురుతోనూ అదే చేయవచ్చు కదా అంటే, వెలుతురు వేగం కుదరనివ్వదు. మిల్లీమీటరులో వందో వంతు దూరం దాటడానికి వెలుతురుకు పట్టే కాలం సుమారు 33 ఫెమ్టోసెకన్లు, అంటే ఒక సెకనును కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో మూడు ముక్కలంత. ఆ కాలాన్ని గడియారం పెట్టి కొలవలేరు. అందుకని ఇంటర్‌లో చదివే వ్యతికరణాన్ని వాడారు. ఒక కిరణాన్ని రెండుగా చీల్చి ఒకటి కంట్లోకి, ఇంకొకటి అద్దం మీదికి పంపుతారు. తిరిగొచ్చాక రెండూ కలిసి చారలు ఏర్పరిస్తే, అవి నడిచిన దూరాలు సమానమైనట్టు. ఫిజిక్స్ శాస్త్రవేత్త మైకెల్సన్ 19వ శతాబ్దంలో వాడిన పరికరం పద్ధతే ఇది, కాకపోతే చాలా కొద్ది దూరం వరకే చారలు పుట్టించే కాంతిని ఎంచుకోవడంలో కిటుకు ఉంది. ఎంఐటీలో జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్, అప్పట్లో వైద్యం, పరిశోధన కలిపి చదువుతున్న డేవిడ్ హువాంగ్, తోటివాళ్లతో కలిసి 1991లో దీన్ని ప్రకటించారు. ముగ్గురికీ 2023లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ బహుమతి వచ్చింది. హువాంగ్ తర్వాత కంటి డాక్టరుగానే స్థిరపడ్డాడు.

ఇక బాగుచేయడం. 1945 సూర్యగ్రహణం తర్వాత, గ్రహణాన్ని నేరుగా చూసి రెటీనా కాల్చుకున్నవాళ్ల కళ్లను పరీక్షించిన జర్మన్ డాక్టర్ మేయర్ ష్వికెరాత్‌కు ఒక ఆలోచన తట్టింది. తెలియక కాల్చుకుంటే గాయం అయ్యేది, కావాలనుకున్న చోట కాలిస్తే కుట్టులా పనిచేస్తుంది కదా అని. మొదట ఆసుపత్రి పైకప్పు మీది అద్దాలతో సూర్యకాంతినే వాడాడు, తర్వాత జినాన్ దీపం, 1960లో లేజర్ పుట్టాక ఆ పని లేజర్‌కు మారింది. షుగరు రోగులకు వేసే లేజర్ మాత్రం కుట్టు లాంటిది కాదు, దాని తర్కం వేరు. రక్తం సరిగా అందని రెటీనా "ఆక్సిజన్ చాలడం లేదు" అని రసాయన సంకేతం పంపుతుంది, ఆ సంకేతానికి పెళుసు రక్తనాళాలు పుట్టుకొచ్చి పగిలి కన్నంతా రక్తం నిండుతుంది. చివరి ఆయకట్టుకు నీళ్లు చాలనప్పుడు కొంత పొలం బీడు పెడితే మిగతా పంట నిలుస్తుంది. లేజరూ అదే చేస్తుంది, అంచుల్లోని రెటీనాను చుక్కలు చుక్కలుగా కాల్చి ఆక్సిజన్ గిరాకీ తగ్గిస్తుంది, మధ్య చూపు నిలుస్తుంది. 1976లో ఫలితాలు వచ్చిన అమెరికా అధ్యయనంలో ఈ పద్ధతి తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గించింది. ఎంత వేడి, ఎంత సేపు, ఏ రంగు కాంతి అన్న మూడు లెక్కలూ తప్పకూడదు, తప్పితే వైద్యమే గాయం అవుతుంది.

విశాఖలో చదివిన కుర్రాడు

ఈ దాటడాలు యూరప్, అమెరికాలకే పరిమితం అనుకోనక్కర్లేదు. సి.వి. రామన్ బాల్యం గడిచింది విశాఖపట్నంలో, తండ్రి ఏవీఎన్ కాలేజీ లెక్చరరు, రామన్ మొదటి చదువూ అక్కడే. నోబెల్ వచ్చిన చాలా ఏళ్లకు, వయసు 80కి దగ్గరపడ్డాక ఆయన మనసు పెట్టింది చూపు మీద. రంగు ఫిల్టర్ అడ్డం పెట్టుకుని వెలుతురున్న తెరను కాసేపు చూసి, దాన్ని చటుక్కున తీసేస్తే చూసేవాడి రెటీనాయే పెద్దదిగా తెర మీద కనపడుతుందని రాశారు. పరికరం ఏదీ లేదు, తన కన్నే ప్రయోగశాల. 1968లో ఆ పరిశీలనలన్నీ పుస్తకంగా వచ్చాయి. రంగుల చూపు మీద ఆయన సిద్ధాంతాన్ని శాస్త్రలోకం పెద్దగా ఒప్పుకోలేదు, ఆ మాట దాచనక్కర్లేదు. చూడాల్సింది ఇంకొకటి ఉంది. రామన్ వైద్యుడు కాలేదు, రోగిని చూడలేదు. ఫిజిక్స్‌వాళ్లు రెటీనా వైపు వచ్చే దారులు రెండని దీన్నిబట్టి తెలుస్తుంది. పరికరాలు, కొలతలు, పరిశోధన ఒక దారి. ఎంబీబీఎస్ నుంచి మొదలుపెట్టి ఆపరేషన్ థియేటరు దాకా వెళ్లడం రెండోది. పిల్లలు, తల్లిదండ్రులు టెన్షన్ పడేది ఈ రెండోదాని గురించే.

ఎన్నేళ్లు పడుతుంది?

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. కంటి వైద్యంలో ఎంఎస్ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ మూడేళ్లు. ఆపైన రెటీనా ఫెలోషిప్, చోటును బట్టి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. మొత్తం పది, పదిన్నర. అమెరికాలో డిగ్రీ తర్వాత మెడికల్ స్కూలు నాలుగేళ్లు, కంటి వైద్యంలో రెసిడెన్సీ ఇంటర్న్ ఏడాదితో కలిపి నాలుగు, రెటీనాకు రెండు, మొత్తం పది. అంకెలు చూస్తే తేడా లేదు. తేడా అంతా ముందున్న మూడు నాలుగేళ్ల దగ్గర ఉంది. అక్కడ డిగ్రీ ఉంటేనే మెడికల్ స్కూలు గుమ్మం ఎక్కనిస్తారు కాబట్టి ఫిజిక్స్ చదివినవాడు వెనకబడ్డట్టు కాదు. ఇక్కడ ఇంటర్ ఉంటే చాలు, డిగ్రీకి విలువ లేదు. దాంతో 21 ఏళ్లకు బీఎస్సీ ముగించినవాళ్లు నీట్‌కు ఒకటి రెండేళ్లు పోగా 17, 18 ఏళ్ల పిల్లల పక్కన కూర్చుని మొదలుపెట్టాలి. రెటీనా చేతికి వచ్చేసరికి 32 నుంచి 34.

నిబంధనలు మునుపటికంటే సడలాయి. నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితిని 2022లో తీసేశారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు దారే లేదన్న మాట కూడా పాతదయింది, బయాలజీని తర్వాత అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్‌కు అర్హులే అని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. పరీక్ష తెలుగు, ఒడియా, మరాఠీల్లో కూడా రాయవచ్చు.

చాలామంది తప్పు లెక్క వేసేది ఇంకో చోట. ఫిజిక్స్ డిగ్రీ ఉంది కాబట్టి నీట్ తేలిక అనుకుంటారు. 720 మార్కుల్లో ఫిజిక్స్ వాటా 180, బయాలజీ వాటా 360. అంటే బలం పావు వంతులో, బలహీనత సగంలో. పైగా నీట్ ఫిజిక్స్ వేగం అడుగుతుంది, డిగ్రీ ఫిజిక్స్ నిదానంగా ఆలోచించడం నేర్పుతుంది. ఎంబీబీఎస్‌లోనూ మొదటి నాలుగైదేళ్లు ఆ ఫిజిక్స్ పెద్దగా అక్కరకు రాదు, ఎనాటమీ, ఫార్మకాలజీ కంఠస్థం చేయాల్సిందే. అది మళ్లీ పనికొచ్చేది ఎనిమిదో ఏడో తొమ్మిదో ఏడో. స్కాన్‌లో కనిపించిన గీత నిజంగా రెటీనాలో ఉందా లేక మిషను పుట్టించిన నీడా అని తేల్చాల్సి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. అంతదాకా ఓపిక పట్టగలమా అన్నదే అసలు ప్రశ్న, తెలివి గురించిన ప్రశ్న కాదు ఇది.

ఓపిక లేకపోతే తప్పేమీ లేదు. ఆప్టోమెట్రీ (చూపు పరీక్షలు, కళ్లద్దాల) కోర్సు ఉంది, ఆప్టిక్స్‌లో పీహెచ్‌డీ చేసి కంటి ఆసుపత్రుల పరిశోధన విభాగాల్లో పనిచేయవచ్చు. మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ కూడా ఉంది గానీ అది ఎక్కువగా క్యాన్సర్ రేడియేషన్ వైపు తీసుకెళుతుంది, కంటి వైపు కాదు. చేరేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

సరిహద్దులో లెక్క మారేది ఎక్కడ

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి, కోరాపుట్ అటు వెళ్లాయి, అక్కడి తెలుగు కుటుంబాలు ఆ రాష్ట్ర పౌరులుగానే మూడు నాలుగు తరాలుగా ఉన్నాయి. ఎంబీబీఎస్‌లో ప్రభుత్వ సీట్లలో 85 శాతం రాష్ట్ర కోటా, 15 శాతం అఖిల భారత కోటా. బరంపురం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా పోటీపడేది ఒడిశా కోటాలో. బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల 1962 నుంచి ఉంది, కోరాపుట్‌లో లక్ష్మణ్ నాయక్ పేరిట 2017లో ఇంకొకటి వచ్చింది. మహారాష్ట్ర వైపు సిరొంచ తెలుగువాళ్ల పరిస్థితీ ఇంతే, వైద్యానికి నది దాటి మంచిర్యాల, వరంగల్ వస్తారు గానీ సీటు కోసం పోటీ మహారాష్ట్రలోనే. ఇంటర్‌కు విశాఖలోనో హైదరాబాదులోనో హాస్టల్లో చేర్పించే ముందు సొంత రాష్ట్రం స్థానికత నిబంధన చదువుకోవాలి, అక్కడ చదివిన రెండేళ్లు తర్వాత అడ్డం తిరగవచ్చు. పీజీలో మాత్రం పరిస్థితి మారింది. నివాసం ఆధారంగా పీజీ వైద్య సీట్లు కేటాయించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, అదే కాలేజీలో ఎంబీబీఎస్ చదివినవాళ్లకు కొంత ప్రాధాన్యం ఇవ్వడాన్ని మాత్రం ఒప్పుకుంది. కాబట్టి ఎంబీబీఎస్ ఎక్కడ చదివారన్నది పీజీలో కూడా వెంటాడుతుంది.

ఒడియా సంగతి చాలామంది ఆలస్యంగా పట్టించుకుంటారు. ఒడిశా ప్రభుత్వ డాక్టరు కొలువుకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి, ఒడియా పాసైనట్టు కాగితం కూడా చూపాలి. మాట ఇంట్లోనే వచ్చేస్తుంది, కాగితం మాత్రం తెలుగు మీడియంలోనో ఇంగ్లిషు మీడియంలోనో చదివిన పిల్లలకు ఉండదు. రోగితో మాట్లాడటానికి ఒడియా, తెలుగు కూడా చాలవు. రాయగడ, గుణుపురం కొండల్లో సవర, కువి మాట్లాడేవాళ్లు వస్తారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని నిఘంటువు తయారుచేసిన గిడుగు రామమూర్తి గారి ఊరి పక్కన ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. "ముఖం కిందికి పెట్టి పది రోజులు పడుకో" అన్న మాట రోగికి ఒకటికి రెండుసార్లు చెప్పి అర్థమయ్యేలా చేస్తేనే రెటీనా ఆపరేషన్ నిలుస్తుంది.

రోగి వైపు నుంచి చూస్తే దూరమే పెద్ద సమస్య. రాయగడలో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ కేంద్రం ఉంది, అలాంటి రెండో అంచె కేంద్రాల్లో శుక్లం ఆపరేషన్ అయిపోతుంది. రెటీనా ఆపరేషన్ అంటే విశాఖో భువనేశ్వరో వెళ్లాలి. శుక్లానికి ఒకసారి వెళ్లొస్తే సరి. షుగరు వల్ల రెటీనా మధ్యలో నీరు చేరితే కంట్లో ఇంజెక్షన్లు మొదట్లో నెలనెలా వేయించుకోవాలి. కోరాపుట్ నుంచి ప్రతి నెలా, తోడు ఒకరితో, కూలి పోగొట్టుకుని విశాఖ వెళ్లే మనిషి మూడో ఇంజెక్షన్ తర్వాత మానేస్తే అది నిర్లక్ష్యం అనడం అన్యాయం.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో గడువు ఇంకా తక్కువ. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ బరువున్నా పుట్టిన 30 రోజుల్లోగా రెటీనా పరీక్ష జరగాలని మన దేశంలో మార్గదర్శకం, మరీ ముందుగా పుడితే రెండు మూడు వారాలకే. ఇలాంటి పిల్లల రెటీనాకు వచ్చే జబ్బు ముదిరితే రోజుల్లో లేజర్ పడాలి, లేకపోతే బిడ్డకు జీవితాంతం చూపు లేనట్టే. నవజాత శిశువుల వార్డులు జిల్లా ఆసుపత్రుల్లోకి వచ్చి చిన్న పిల్లలు బతుకుతున్నారు, అది నిజంగా గొప్ప మార్పు. బతికిన ఆ బిడ్డల కంటిని చూసేవాళ్లు కూడా అంత దగ్గరగా ఉండాలి. కొండ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే) జబ్బు కూడా రెటీనా అంచుల్లోని సన్న రక్తనాళాలను మూసేయగలదు.

ఘాట్ రోడ్డు, గాలి బుడగ

ఊడిన రెటీనాను అతికించాక అది గోడకు అంటుకుని ఉండటానికి కంట్లోకి ప్రత్యేకమైన గ్యాస్ బుడగ ఎక్కిస్తారు. బుడగ తలతన్యత వల్ల రెటీనా చిరుగు మూసుకుపోయి ఉంటుంది, ఈలోపు లేజర్ మచ్చ గట్టిపడుతుంది. వాడిన గ్యాసును బట్టి అది రెండు వారాల నుంచి ఆరు, ఎనిమిది వారాల దాకా ఉంటుంది. ఆ రోజుల్లో విమానం ఎక్కొద్దని అందరు డాక్టర్లూ చెబుతారు. విశాఖ నుంచి కోరాపుట్ వెళ్లే మనిషి ఆ మాట విని నాకేం విమానం అనుకుని బస్సెక్కుతాడు.

విశాఖ సముద్రమట్టంలో ఉంది, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున. ఆ ఎత్తుకు వాతావరణ పీడనం పదో వంతు తగ్గుతుంది, అంటే బాయిల్ సూత్రం ప్రకారం గ్యాసు ఇంచుమించు పదో వంతు ఉబ్బాలని చూస్తుంది. కన్ను సాగే బెలూన్ కాదు. లోపలి చోటు నాలుగు మిల్లీలీటర్లు, అందులో సగానికి పైగా గ్యాసు ఉంటే ఉబ్బడానికి చోటు లేక కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుండగా కన్ను పోటెత్తి చూపు చీకటయితే, పైకి వెళ్లేకొద్దీ అది ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. అరకు మీదుగా రైల్లో వెళ్లినా తప్పదు, ఆ దారిలో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది.

బుడగ ఉన్నంతకాలం రోగి విశాఖలోనో విజయనగరంలోనో సాలూరులోనో చుట్టాల ఇంట్లో ఆగాలి. వీలుకాకపోతే ఆపరేషన్‌కు ముందే ఆ మాట చెప్పాలి, గ్యాసుకు బదులు సిలికాన్ ఆయిల్ వాడే వీలుంటుంది, అది ఎత్తుకు ఉబ్బదు, కాకపోతే కొన్ని నెలల తర్వాత తీయడానికి ఇంకో ఆపరేషన్ పడుతుంది. బుడగ ఉన్నప్పుడు వేరే ఏ ఆపరేషన్ జరిగినా మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, నైట్రస్ ఆక్సైడ్ ఆ బుడగలోకి చేరి దాన్ని ఉబ్బిస్తుంది. ఇంటి అడ్రసు రాసుకునేటప్పుడు "మీ ఊరు ఘాట్ పైనా, కిందా?" అని అడగడం ఆ జిల్లాల్లో పుట్టిన డాక్టరుకు తోచినంత తేలిగ్గా ఇంకొకరికి తోచదు.